దువ్వెన చేతికి వచ్చాకే కత్తెర: గ్రూమింగ్ వృత్తిపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పెంపుడు జంతువులకు స్నానం చేయించి, జుట్టు, గోళ్లు తీర్చిదిద్దే వృత్తి గురించి అడిగినవే ఎక్కువ. అందరూ ‘గ్రూమింగ్’ అనే రాశారు కనుక నేనూ ఆ మాటే వాడుతున్నాను. ఒకేలాంటి ప్రశ్నలను కలిపి, నాలుగింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: నా వయసు 26. బి.కాం. చదివి, హైదరాబాదులో ఒక సంస్థ ఖాతాల విభాగంలో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో పామేరియన్లు ఉండేవి, వాటి పనంతా నేనే చూసుకునేదాన్ని. ఉద్యోగం మానేసి గ్రూమర్‌గా స్థిరపడాలని ఉంది. నెల రోజుల కోర్సులో చేరితే ధ్రువపత్రం, ఉద్యోగం రెండూ ఖాయమని ఒక శిక్షణ కేంద్రం వారు అంటున్నారు. “కుక్కలకు నీళ్లు పోయడానికా నిన్ను ఇంత చదివించింది?” అని మా నాన్నగారు కోపంగా ఉన్నారు. చేరమంటారా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఈ వృత్తిలోకి రమ్మనే చెబుతాను. అయితే ఉద్యోగం ఇప్పుడే మానవద్దు, కోర్సుకు డబ్బు ఇప్పుడే కట్టవద్దు. మన దేశంలో గ్రూమర్‌గా పని చేయడానికి చట్టం తప్పనిసరి చేసిన పరీక్ష గానీ లైసెన్సు గానీ లేవు. కాబట్టి ఎవరు ఇచ్చే ధ్రువపత్రానికైనా వారు నేర్పిన పనికి ఉన్నంత విలువే ఉంటుంది. ఆ కేంద్రానికి వెళ్లినప్పుడు గోడ మీది ఫొటోలు చూసి రాకండి. నెలలో మీ చేతికి ఎన్ని కుక్కలను ఇస్తారో, వాటిలో ఎన్ని రకాల జుట్టు ఉన్నవి ఉంటాయో, ఒక్కో శిక్షకుని దగ్గర ఎందరు నేర్చుకుంటున్నారో అడగండి. నెలంతా ఆరుగురు ఒక కుక్క చుట్టూ నిలబడి చూసి వచ్చే చోట మీరు నేర్చుకునేది చూడటమే.

దానికన్నా ముందు చేయవలసింది ఒకటి ఉంది. మీరు ఉండే ప్రాంతంలో శుభ్రంగా, నెమ్మదిగా పని చేసే ఒక గ్రూమింగ్ సెలూన్‌ను వెతికి, మూడు నెలల పాటు శని, ఆదివారాల్లో సహాయకురాలిగా రమ్మంటారేమో అడగండి. వారు మీకు మొదట కత్తెర ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. స్నానం చేయించడం, ఆరబెట్టడం, దువ్వడం, నేల ఊడ్వడం, తువాళ్లు ఉతకడం మీ వంతుకు వస్తాయి. ఈ పనులు విసుగు పుట్టిస్తే ఈ వృత్తి మీది కాదని ఉద్యోగం వదులుకోక ముందే తెలిసిపోతుంది.

చాలామంది ఈ పనిని కత్తెర పని అనుకుంటారు. నా దృష్టిలో ఇది ముప్పాతిక వంతు దువ్వెన పని, గాలితో జుట్టు ఆరబెట్టే బ్లోయర్ పని. జుట్టు వేరు వరకు చిక్కు లేకుండా విడివడి, పూర్తిగా ఆరి నిటారుగా నిలిచినప్పుడే కత్తెరకు సమంగా తెగుతుంది. తడిగా ఉన్నప్పుడో, ఉండలు కట్టి ఉన్నప్పుడో ఎంత గొప్ప చేయి పడినా మెట్లు మెట్లుగానే కనిపిస్తుంది.

షిట్జు వంటి కుక్కను ఉదాహరణకు తీసుకుందాం. దాని జుట్టు మనుషుల జుట్టులా ఆగకుండా పెరుగుతుంది, రాలిన వెంట్రుకలు కింద పడకుండా మిగతా వాటిలోనే చిక్కుకుంటాయి. యజమానులు ఇంట్లో రోజూ దువ్వుతున్నామనే చెబుతారు, అబద్ధమూ కాదు. కానీ బ్రష్ పై పొరనే తాకుతుంది, చర్మం దగ్గర మాత్రం నమదా (ఉన్నిని అదిమి చేసిన మందపాటి గుడ్డ) పరిచినట్టు అట్టకట్టి ఉంటుంది. అందుకే ఎడమ చేత్తో జుట్టును పైకి ఎత్తి పట్టుకుని, కింది నుంచి ఒక్కో వేలి మందం పొరను మాత్రమే వదులుతూ, ప్రతి పొరనూ సన్నని తీగల పళ్లుండే స్లిక్కర్ బ్రష్‌తో విడదీసి, ఆ తర్వాత స్టీలు దువ్వెనను చర్మం నుంచి చివరి దాకా పోనివ్వాలి. దువ్వెన ఎక్కడ ఆగితే అక్కడ పని మిగిలినట్టే. ఇదంతా స్నానానికి ముందే జరగాలి, ఎందుకంటే చిక్కు ఉన్న జుట్టు మీద నీళ్లు పడితే ఆ ఉండ మరింత బిగుసుకుపోతుంది.

చెవి వెనుక, చంకల్లో, మెడపట్టీ కింద కట్టే ఉండల దగ్గర కొత్తవారు తప్పక తొందరపడతారు. నేనూ పడ్డాను. ఈ పనిలోకి వచ్చిన రెండో నెలలో ఒక షిట్జు చెవి అంచున వేలాడుతున్న ఉండను కత్తెరతో ఒక్క కోతలో తీసేద్దామనుకున్నాను. ఆ ఉండలోకి చెవి అంచు కూడా మడిచి ఉందని రక్తం కనబడే వరకు తెలియలేదు. చెవి అంచు చిన్నగా తెగినా, కుక్క తల విదిలించిన ప్రతిసారీ గోడ మీద చుక్కలు పడ్డాయి. పశువైద్యుని దగ్గరకు మేమే తీసుకువెళ్లాం, యజమానికి మేమే ఫోను చేసి చెప్పాం. ఆ రోజు నుంచి ఉండను వేళ్లతో తడిమి, చర్మం ఎక్కడ ముగుస్తుందో తెలిసే వరకు కత్తెర తీయను. ఉండకూ చర్మానికీ మధ్య దువ్వెన పళ్లు దూర్చి, దువ్వెన పై నుంచే క్లిప్పర్ పోనిస్తాను. మీరు వెళ్లే చోట ఇలాంటి ప్రమాదాల గురించి అడిగి చూడండి. “మా దగ్గర ఎప్పుడూ జరగలేదు” అనేవారి కన్నా, జరిగినప్పుడు ఏం చేశారో చెప్పేవారి దగ్గర నేర్చుకోవడం మంచిది.

మీ ఇంటి పామేరియన్ల అనుభవం ఒక విషయంలో అడ్డు రావచ్చు. రోహిణి కార్తె వచ్చేసరికి పామేరియన్‌కు గుండు చేయించడం మన ఇళ్లలో మామూలు. పామేరియన్, స్పిట్జ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ వంటి వాటికి పైన గరుకు జుట్టు, లోపల మెత్తని నూగు, ఇలా రెండు పొరలు ఉంటాయి. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. గొరిగితే ఆ రక్షణ పోతుంది, కొన్నింటికి జుట్టు మళ్లీ అక్కడక్కడ మాత్రమే మొలుస్తుంది. లోపలి నూగును బ్లోయర్‌తోనూ, రేక్ అనే పొడవాటి పళ్ల దువ్వెనతోనూ తీసేస్తే గాలి ఆడుతుంది, వేసవికి అదే చాలు. దీన్ని యజమానికి ఓపికగా చెప్పి, గుండు చేయనని మర్యాదగా నిరాకరించగలగడం కూడా మీరు నేర్చుకోవలసిన పనిలో భాగమే. నిరాకరిస్తే గిరాకీ పోతుందన్న భయం మొదటి సంవత్సరం ఉంటుంది.

ఇక నాన్నగారి మాట. ఆయన కోపంలో ఉన్న ప్రశ్న నిజానికి డబ్బు గురించినదేనని నా అనుమానం. నాలుగేళ్లు ఖాతాలు చూసిన మీరు, ఆరు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము పక్కన పెట్టి, సహాయకురాలిగా వచ్చే మొదటి జీతం ఇప్పటి జీతం కన్నా తక్కువే ఉంటుందని ముందే ఒప్పుకుని, లెక్క కాగితం మీద వేసి ఆయన ముందు పెట్టండి. నడుము, మణికట్టు గురించి కూడా ఆ లెక్కలో రాసుకోండి. రోజంతా నిలబడి చేసే పని ఇది. ఎత్తు పెంచుకునే వీలున్న టేబుల్ లేని చోట రెండేళ్లకే నడుము పట్టేస్తుంది. బ్లోయర్ ముందు మాస్కు లేకుండా నిలబడితే నూగంతా ముక్కులోకే పోతుంది.

ప్రశ్న: మాది విజయవాడ. మూడు తరాలుగా క్షౌర వృత్తిలో ఉన్నాం, సొంత సెలూన్ ఉంది. మా అబ్బాయి కూడా నాతోనే పని చేస్తున్నాడు, వాడికి కుక్కలంటే ప్రాణం. కత్తెర, క్లిప్పర్ చేతిలో ఉన్నాయి కనుక కుక్కల గ్రూమింగ్ సులభంగానే వస్తుందని వాడి ధీమా. నిజమేనా? ఉన్న సెలూన్‌లోనే ఒక పక్కన మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సగం నిజం. కత్తెరను బొటనవేలితో మాత్రమే ఆడిస్తూ మిగతా చేతిని కదలకుండా ఉంచడం కొత్తవారికి నెలల తరబడి రాదు, మీ అబ్బాయికి అది పుట్టుకతో వచ్చినట్టే. గుండ్రని తలకట్టును కంటితో చూసి దించగల చేయి పూడిల్, బిషోన్ వంటి ఉంగరాల జుట్టు కుక్కల మీద బాగా పనికి వస్తుంది. ఈ విషయంలో అతడు మిగతావారి కన్నా ఎంతో ముందున్నాడు.

కానీ అలవాటే మోసం చేసే చోటు ఒకటుంది, దాన్ని మొదటి రోజే చెప్పండి. మనుషుల క్లిప్పర్‌కు తగిలించే గార్డులో అంకె పెరిగితే జుట్టు పొడుగ్గా మిగులుతుంది. జంతువుల క్లిప్పర్ బ్లేడులో అంకె పెరిగేకొద్దీ జుట్టు పొట్టిగా తెగుతుంది. 4 నంబరు బ్లేడు దాదాపు 9 మిల్లీమీటర్లు మిగిల్చితే, 7 నంబరు 3 మిల్లీమీటర్ల చిల్లర, 10 నంబరు ఒకటిన్నర మిల్లీమీటర్లు మిగిలిస్తాయి. 40 నంబరు శస్త్రచికిత్సకు ముందు గొరిగే బ్లేడు. ‘పెద్ద నంబరు వేస్తే పొడుగ్గా ఉంటుందిలే’ అనుకుని 30 నంబరు తగిలిస్తే కుక్క చర్మం బయటపడుతుంది. పైగా ఆగకుండా నడిపిన బ్లేడు వేడెక్కి, పొట్ట దగ్గరి పలుచని చర్మాన్ని ఎర్రగా కాలుస్తుంది. రెండు మూడు నిమిషాలకొకసారి బ్లేడును మణికట్టు లోపలి వైపు ఆనించి చూడటం అలవాటు చేయండి.

ఇంకొక తేడా చర్మంలో ఉంది. కుక్క చర్మం మనిషి చర్మం కన్నా పలుచన, వదులుగా జారుతూ ఉంటుంది. చంకల్లో, తొడ మడతల్లో చర్మాన్ని రెండో చేత్తో సాగదీసి పట్టుకోకపోతే బ్లేడు పళ్ల మధ్యకు వస్తుంది. అన్నిటికన్నా పెద్ద తేడా మీకు తెలిసినదే: కుర్చీలో కూర్చున్న మనిషి తల తిప్పమంటే తిప్పుతాడు. కుక్క తన కాలు ఎవరైనా పట్టుకుంటే ముందు లాక్కుంటుంది, తర్వాత పళ్లు చూపుతుంది, ఆ తర్వాతే కరుస్తుంది. ఆవలింత, పెదవులు నాకుకోవడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూడటం, ఒళ్లంతా బిగుసుకుపోవడం దాని భాషలో హెచ్చరికలు. మీ అబ్బాయికి కుక్కలంటే ప్రాణం అన్నారు, అది మంచిదే. కానీ తనకు కొత్తదైన కుక్క, భయపడిన కుక్క, నొప్పిలో ఉన్న ముసలి కుక్క ఎలా ఉంటాయో అతడు విడిగా నేర్చుకోవాలి.

సెలూన్‌లో ఒక పక్కన మాత్రం వద్దు. తామర వంటి చర్మవ్యాధులు, గజ్జి జంతువుల నుంచి మనుషులకు అంటుతాయి. కత్తెర, దువ్వెన, తువాలు, నీళ్ల తొట్టి అన్నీ వేరుగా ఉండాలి, గది కూడా వేరుగానే ఉండాలి. మనుషుల షాంపూ కూడా వాడకండి. మన చర్మం ఆమ్ల గుణం వైపు మొగ్గితే కుక్క చర్మం తటస్థానికి దగ్గరగా ఉంటుంది, అందువల్ల మన షాంపూతో దానికి పొడిబారి దురద పుడుతుంది. పై అంతస్తో పక్క గదో దొరికితే మొదలుపెట్టండి. మూడు తరాల పేరు బోర్డు మీద ఉండటం మంచి పెట్టుబడే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ తర్వాత ఒక పెట్ సెలూన్‌లో సహాయకుడిగా చేరాడు. గోళ్లు కత్తిరిస్తుంటే ఒక కుక్క చేతి మీద గాటు పెట్టింది. “దానికి టీకా వేయించారు, ఏమీ కాదు” అని యజమాని చెబితే, మావాడు పసుపు రాసుకుని ఊరుకున్నాడు. రెండు రోజుల తర్వాత నాకు తెలిసింది. ఈ ఉద్యోగం మాన్పించాలా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, ఉద్యోగం సంగతి తర్వాత. ఈ జవాబు అచ్చయ్యే లోపలే మీకు విడిగా ఉత్తరం రాశాం, అయినా ఇతరుల కోసం మళ్లీ చెబుతున్నాను. కుక్క పన్ను దిగినా, గోరు గీరినా వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి ఏదీ రాయకూడదు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, ఆలస్యమైందని మానుకోకుండా తెలిసిన రోజే వెళ్లాలి. కుక్కకు టీకా వేయించామన్న నోటిమాట మీద మనిషి టీకా మానుకోకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, లక్షణాలు రాక ముందు సరిగా వేయించుకున్న టీకా ప్రాణం నిలుపుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితంగా వేస్తారు.

ఈ వృత్తిలోకి వచ్చేవారు కరవక ముందే టీకా వేయించుకోవాలి. మొదటి మోతాదు వేసిన రోజు, దానికి 7 రోజుల తర్వాత, మళ్లీ మొదటి మోతాదుకు 21 లేదా 28 రోజుల తర్వాత, మొత్తం మూడు మోతాదులు. అవి పూర్తయిన వ్యక్తిని తర్వాత ఎప్పుడైనా కుక్క కరిస్తే, అదే రోజున ఒకటి, మూడు రోజుల తర్వాత ఒకటి వేస్తే సరిపోతుంది, గాయం చుట్టూ వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ (తక్షణ రక్షణనిచ్చే యాంటీబాడీల సూది) అవసరం పడదు. ధనుర్వాతం టీకా కూడా సకాలంలో ఉండాలి. మీ అబ్బాయి యజమాని ఈ ఖర్చు పెట్టుకుని, కుక్కల టీకా పుస్తకాలు చూడకుండా లోపలికి రానివ్వని పద్ధతి పెట్టుకుంటే ఉద్యోగం మాన్పించవలసిన పని లేదు. పెట్టుకోనంటే మాన్పించండి, వేరే చోటు దొరుకుతుంది.

ఒక మాట మీ అబ్బాయికి చెప్పండి. గోరు లోపల రక్తనాళం, నరం ఉంటాయి. తెల్ల గోరులో అది గులాబీ రంగులో కనిపిస్తుంది, నల్ల గోరులో కనిపించదు. నల్ల గోరును బియ్యపు గింజంత చొప్పున తీస్తూ, కోసిన చోట మధ్యలో నల్లని చుక్క కనిపించగానే ఆపేయాలి. గోళ్ల దగ్గర కరిచే కుక్కల్లో చాలావాటికి ఎప్పుడో ఒకసారి ఆ నరం తెగిన జ్ఞాపకం ఉంటుంది.

ప్రశ్న: బెంగళూరులో మూడేళ్లు గ్రూమర్‌గా పని చేసి, సొంత ఊరికి వచ్చాను. దుకాణం పెట్టాలా, వ్యాన్ తీసుకోవాలా, ఇళ్లకు వెళ్లి చేయాలా తేల్చుకోలేకపోతున్నాను. చేతిలో కొద్దిగానే డబ్బు ఉంది. ఇక్కడ పర్షియన్ పిల్లుల వారు కూడా చాలామంది అడుగుతున్నారు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పని వచ్చినవారు మీరు కనుక లెక్క మాత్రమే రాస్తాను. ఒంటరిగా చేసేవారు రోజుకు నాలుగు పూర్తి గ్రూమింగ్‌లు చేయగలరు, ఐదో దానికి మణికట్టు మొరాయిస్తుంది. ఆదివారం ఆరుగురు వచ్చినా మంగళవారం ఒక్కరూ రారు కనుక సగటున మూడు అనుకోండి. నెలకు 26 పని రోజులైతే 78 కుక్కలు. అద్దె, కరెంటు, షాంపూ, బ్లేడుల పదును కలిపి నెలకు 39,000 రూపాయలు అయిందనుకుంటే, ఒక్కో కుక్క టేబుల్ ఎక్కకముందే 500 రూపాయలు ఖర్చయినట్టు. మీ ధర ఆ మొత్తం నుంచి మొదలు కావాలి. పక్క దుకాణం ధర చూసి పెట్టుకునేవారు ఈ లెక్క వేయరు, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లే ఖాతాదారులతో బుకింగులు తగ్గిన నెలలో దెబ్బతింటారు.

కొద్ది పెట్టుబడితో అయితే మొదటి ఏడాది ఇళ్లకు వెళ్లి చేయడమే మేలు. మడతపెట్టే టేబుల్, ఒక మంచి క్లిప్పర్, నాలుగు బ్లేడులు, రెండు కత్తెరలు, బ్లోయర్ ఉంటే చాలు. కానీ ఇంట్లో, యజమాని కళ్ల ఎదుట కుక్క ఎక్కువ మారాం చేస్తుంది. యజమానిని కాసేపు వేరే గదిలో ఉండమని మొహమాటం లేకుండా అడగండి. వ్యాన్ చూడటానికి ఆకర్షణగా ఉంటుంది గానీ నీళ్ల ట్యాంకు, జనరేటర్, ఏసీ, మురుగునీరు నింపుకునే డబ్బా అన్నీ మీ నెత్తి మీదే. అపార్ట్‌మెంట్ సంఘాలు లోపల నిలపనివ్వకపోతే వ్యాన్ మొత్తం వృథా. దుకాణమే పెడితే ఆరబెట్టే గది మీద ఖర్చు పెట్టండి. విశాఖ తేమలో జుట్టు పైకి ఆరినట్టే ఉండి అడుగున తడి మిగులుతుంది, రెండు రోజుల్లో అక్కడ పుండు లేస్తుంది. బ్లోయర్‌కు 15 ఆంపియర్ల ప్లగ్గు కావాలి, మామూలు ఇన్వర్టర్ దాన్ని మోయదు. బోనులో పెట్టి వేడి గాలి వదిలి వెళ్లే పద్ధతి మాత్రం ఎన్నడూ పెట్టుకోకండి. పగ్, బుల్‌డాగ్ వంటి చప్పిడి ముక్కు జాతులు అందులో నిమిషాల్లో వడదెబ్బకు గురవుతాయి.

కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు తీసుకోండి. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. సేవల వ్యాపారానికి ఏడాది రాబడి 20 లక్షలు దాటే వరకు జీఎస్టీ నమోదు అక్కర్లేదు. ముద్ర రుణం ‘శిశు’ విభాగంలో 50 వేల వరకు, ‘కిశోర్’లో 5 లక్షల వరకు దొరుకుతుంది. అక్కడే కుక్కపిల్లలను అమ్మదలిస్తే 2018 నాటి పెట్ షాప్ నిబంధనల కింద రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. నన్నడిగితే ఆ రెండు వ్యాపారాలనూ కలపవద్దు. మొరాయించే జంతువుకు మత్తు ఇమ్మని యజమాని అడిగినా ఇవ్వకండి, అది నమోదైన పశువైద్యుని పని.

పిల్లులను తీసుకోండి గానీ కుక్కలు లేని పూట వేరుగా పిలవండి. కుక్కల పిడుదుల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ పిల్లికి విషం. నేల తుడిచే ఫినాయిల్ కూడా పిల్లికి పడదు, అది ఒళ్లు నాక్కుంటుంది కనుక పాదాలకు అంటినదంతా కడుపులోకి పోతుంది. పర్షియన్ పిల్లి వచ్చే పూటకు టేబుల్, నేల, తొట్టి అన్నీ మంచినీళ్లతో మరోసారి కడిగి పెట్టుకోండి. తొట్టి తూముకు మాత్రం జుట్టు అడ్డుపడకుండా మొదటి రోజు నుంచే సన్నని జాలీ బిగించండి. మా దుకాణంలో మొదటి వానాకాలం ప్లంబర్‌కు ఇచ్చిన డబ్బుతో ఇంకొక క్లిప్పర్ వచ్చేది.